ఆ ఇల్లు ఇంకా ఉందన్నాడు తమ్ముడు

ఈసారి ఒక అక్క రాసిన ఉత్తరం. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, సారం మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నారు. 2013లో పెళ్లయి భర్తతో న్యూజెర్సీ వెళ్లారు. హెచ్4 వీసా కావడంతో ఉద్యోగం చేసే వీలు లేదు. పొద్దున ఎనిమిదికి భర్త వెళ్లిపోతే మళ్లీ మనిషి గొంతు వినిపించేది రాత్రి ఏడింటికే. తమ్ముడు 2010లోనే ఎంఎస్ కోసం వెళ్లి, అప్పటికి డాలస్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఒక ఆట ఉంది, ఇద్దరం కలిసి ఆడదాం రా" అన్నాడు. అది ఫైనల్ ఫాంటసీ 14. ఇంటర్నెట్ లేకపోతే అసలు తెరుచుకోని ఆట. వేలమంది ఒకే లోకంలో తిరుగుతుంటారు. తమ్ముడు 2010లో ఈ ఆట మొదటిసారి వచ్చినప్పుడే కొని, నెలకే విసుగొచ్చి పక్కన పడేశాడట. కంపెనీ ఆ ఆటను మూసేసి, బాగుచేసి 2013లో తిరిగి తెరిచాక మళ్లీ వెళ్లి, ఈసారి అక్కను వెంటబెట్టుకున్నాడు.

అతను ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు, ఆమె వెనకనుంచి వైద్యం చేసే వైట్ మేజ్. చాట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. ఆటలో సంపాదించిన డబ్బు నెలల తరబడి కూడబెట్టి, మిస్ట్ అనే సముద్రపు ఒడ్డు పేటలో ఒక చిన్న ఇల్లు కొన్నారు. ఇల్లు తమ్ముడి పేరు మీద, సర్దడమంతా అక్క పని. గుమ్మం పక్కన ఒక పూలకుండీ పెట్టి, దాన్నే తులసికోట అనుకునేవారట.

2016లో ఇండియాకు వచ్చేశారు. బాబు పుట్టాడు, ఆట ఆగిపోయింది. 2017లో నాన్నగారు పోయారు. మరుసటి ఏడాది తణుకు దగ్గర పల్లెలో ఉన్న మండువా ఇల్లు అమ్మేద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. చూసుకునే దిక్కు లేదు, పెంకులు జారిపోతున్నాయి, ఇంకో రెండు వానాకాలాలు ఆగితే గోడలు కూడా మిగలవు అన్నాడు. ఆమెకు ఇష్టం లేదు. అయినా సంతకం పెట్టారు, వాటా తీసుకున్నారు. కొన్నవాళ్లు ఇల్లు పడగొట్టారు. అప్పటినుంచి ఏడేళ్లు దాటింది. పండగలకు వాట్సాప్‌లో ఒక శుభాకాంక్షల బొమ్మ తప్ప ఇద్దరి మధ్య మాట లేదు.

పోయిన నెల తమ్ముడి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, ఆట చాలా మారింది. నువ్వు చూసినప్పటికంటే ఎంతో బాగుంది. ఒక్కసారి రా. మన ఇల్లు ఇంకా ఉంది."

ఆ మెసేజ్ చూసి ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయట. "అసలు ఇల్లు అమ్మేసి, బొమ్మ ఇల్లు ఉందంటాడా?" అని రాశారు. పదేళ్ల తర్వాత వెళ్తే ఆట అర్థమవుతుందా, నలుగురిలో నవ్వులపాలవుతానా అని ఒక భయం. మళ్లీ అలవాటయ్యాక కంపెనీ ఆటను మూసేస్తే ఎలాగని ఇంకో భయం. వాళ్లాయనేమో, "బాబును ఫోన్ ముట్టుకోవద్దని చెబుతూ మనం ఆటలాడితే ఏం బాగుంటుంది" అంటున్నారు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న చివర రాశారు: "వాడు నన్ను పిలుస్తున్నది ఆటకా, మాటకా?"

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను. కానీ మీరు ఒక వాక్యం రాసి దాటి వెళ్లిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. "మన ఇల్లు ఇంకా ఉంది."

ఆ ఆటలో ఇళ్లకు ఒక నియమం ఉంది. మీరు మర్చిపోయి ఉంటారు. యజమాని 45 రోజులపాటు ఇంట్లో అడుగుపెట్టకపోతే ఆ ఇల్లు కూల్చివేతకు వెళ్తుంది. స్థలాలు తక్కువ, కావలసినవాళ్లు ఎక్కువ, అందుకని పెట్టిన నియమం. కూలిపోయాక 35 రోజుల్లోపు వెళ్లి అడిగితే సామాను తిరిగిస్తారు, ఆ గడువు కూడా దాటితే అదీ పోతుంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆట ఆడుతూ ఉంటే సరిపోదు. పోరాటాలు చేసుకుంటూ, కథ నడుపుకుంటూ రోజూ లోపలే ఉన్నా లెక్కలోకి రాదు. తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్లాలి. పైగా దానికి నెలనెలా చందా కట్టాలి, అన్నిటికంటే తక్కువ చందా 12.99 డాలర్లు.

కరోనా రోజుల్లోనూ, మరికొన్ని సందర్భాల్లోనూ కంపెనీ ఈ కూల్చివేతలను తాత్కాలికంగా ఆపింది. ఆ రోజులు తీసేసినా, మీరు మాట్లాడుకోని ఈ ఏడేళ్లలో మీ తమ్ముడు పదులసార్లు ఆ ఇంటి తలుపు తీసి లోపలికి వెళ్లి ఉండాలి. లేకపోతే ఆ ఇల్లు ఉండదు. మీరు సర్దిన సామాను మధ్య, ఒక్కడూ.

దీన్నిబట్టి అతని మనసు నాకు తెలిసిపోయిందని చెప్పను. అతనికి ఆ ఆటంటే ఇష్టం, ఆ పేటలో స్థలం దొరకడం కష్టం, పోగొట్టుకోవడం ఎందుకని అనుకుని ఉండొచ్చు. అది కూడా నిజమే అయ్యుంటుంది. కానీ ఇంటికి కొత్త సామాను తెచ్చి తన ఇష్టానికి మార్చుకునే వీలు అతనికి ఏడేళ్లుగా ఉంది. అయినా "నా ఇల్లు" అనలేదు, "మన ఇల్లు" అన్నాడు. మీరు అడిగిన చివరి ప్రశ్నకు నా దగ్గరున్న ఆధారం ఇంతే. నన్నడిగితే ఇది చిన్న ఆధారం కాదు.

ఇక మీ కోపం సంగతి. అది న్యాయమైన కోపం. నాన్నగారు పోయిన ఏడాదికే ఆయన కూర్చున్న అరుగు కూడా లేకుండా పోతే ఎవరికైనా గుండె మండుతుంది. మీరు సంతకం పెట్టారు కాబట్టి మాట్లాడే హక్కు లేదని మీ మీద మీరే తీర్పు చెప్పుకుంటున్నట్టు అనిపించింది, ఉత్తరంలో ఆ మాట రెండుసార్లు వచ్చింది. సంతకం పెట్టినవాళ్లకు కూడా బాధపడే హక్కు ఉంటుంది. తెర మీద ఇల్లు నిలబడి ఉంది కదా అని తణుకు ఇంటి లెక్క చెల్లిపోదు. మీ తమ్ముడు అలా అనుకుంటున్నాడా? అతను ఆ మాట అననంతవరకు మీరు అతని తరఫున అనేసుకోవద్దు. మనం మాట్లాడుకోని మనుషుల మాటలన్నీ మన బుర్రలో మనమే పలుకుతుంటాం. ఏడేళ్లుగా మీరు చేస్తున్నది అదే, పాపం అతనూ అదే చేస్తూ ఉండి ఉంటాడు.

ఇప్పుడు ఆట. నిజంగా బాగుపడిందా అని అడిగారు. ఈ ఆట బాగుపడిన తీరు గురించి నాకు చాలా చెప్పాలని ఉంది, ఎందుకంటే నేను కూడా దీన్ని రెండుసార్లు వదిలేసి రెండుసార్లు తిరిగి వెళ్లాను.

2010 సెప్టెంబర్‌లో జపాన్ సంస్థ స్క్వేర్ ఎనిక్స్ దీన్ని మొదటిసారి తెచ్చినప్పుడు మీ తమ్ముడు నెలకే పారిపోయాడంటే తప్పు అతనిది కాదు. ఒక మెనూ తెరవాలంటే ఆగాలి. ఎటు వెళ్లినా అదే కొండదారిని మళ్లీ మళ్లీ అతికించినట్టు ఉండేది. ఒక పూలకుండీ బొమ్మను దాదాపు వెయ్యి పాలిగాన్లతో (బొమ్మను కూర్చే చిన్న పలకలు), అంటే మనిషి బొమ్మకు పెట్టినంత వివరంతో గీశారు. తెర మీద నాలుగు కుండీలుంటే నలుగురు మనుషులు ఉన్నంత భారం. ఈ లోపాన్ని బయటపెట్టింది ఎవరో విమర్శకులు కాదు, ఆటను బాగుచేయడానికి వచ్చిన నావోకి యోషిదాయే. 2014లో ఆటల తయారీదారుల సదస్సులో, నలుగురి ముందు నిలబడి చెప్పారు.

ఆయన 2010 డిసెంబర్‌లో బాధ్యత తీసుకున్నారు. ఆయన బృందం పాత ఆటకు మాట్లు వేస్తూనే, మరోపక్క కొత్త ఆటను పునాదుల నుంచి కట్టింది. 2012 జనవరి దాకా ఎవరి దగ్గరా చందా తీసుకోలేదు. ఏది చెడిందో, ఏది ఎప్పటికి మారుతుందో ఆటగాళ్లకు బహిరంగంగా ఉత్తరాలు రాసేవారు. ఆ రోజుల్లో ఆట లోపల ఆకాశంలో ఒక ఎర్రటి చంద్రుడు నెలనెలా పెద్దవుతూ వచ్చాడు. 2012 నవంబర్ 11న అది వచ్చి లోకం మీద పడింది, సర్వర్లు మూతపడ్డాయి. చివరి గంటల్లో ఆటగాళ్లు గుంపులుగా చేరి, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. 2013 ఆగస్టు 27న 'ఎ రెల్మ్ రీబోర్న్' పేరుతో మళ్లీ తెరిచారు. కథలో కూడా ఆ వినాశనాన్ని దాచలేదు. అది జరిగిన ఐదేళ్ల తర్వాత అని చెప్పి కథ మొదలుపెట్టారు. కాలిన నేల, నేలలోంచి పొడుచుకొచ్చిన స్ఫటికాలు, మీరు నడిచిన దారుల్లోనే అవన్నీ ఉన్నాయి.

అంటే మీరు తులసికోట పెట్టుకున్న లోకం, ఒకసారి పూర్తిగా పోయి తిరిగి లేచిన లోకం. మీ తమ్ముడు దాన్ని రెండు స్థితుల్లోనూ చూశాడు. ఒకసారి వదిలేసి వెళ్లినవాడు తిరిగి వస్తే ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఆట మారింది రా అని అతను అంటే ఆ మాటకు కొంత విలువ ఇవ్వొచ్చు.

మీరు వెళ్లిపోయిన తర్వాత ఏం మారిందో మీకు పనికొచ్చేవి మాత్రం చెబుతాను. మీరు 2015లో ఆటకు కలిపిన హెవెన్స్‌వార్డ్ అనే కొత్త భాగం కథలో ఉండగా ఆపేశారు. ఆ తర్వాత 2017లో స్టార్మ్‌బ్లడ్, 2019లో షాడోబ్రింగర్స్, 2021లో ఎండ్‌వాకర్, 2024లో డాన్‌ట్రెయిల్ వచ్చాయి. వందల గంటల కథ. ఇది విని కంగారు పడకండి, దాని గురించి తర్వాత చెబుతాను.

క్లెరిక్ స్టాన్స్ అనే బటన్ గుర్తుందా? వైద్యం మానేసి కాసేపు దాడి చేద్దామని అది నొక్కడం, ఆ తర్వాత తీయడం మర్చిపోవడం, ముందున్న మనిషి ప్రాణం చివరికొచ్చినా మీ మందు చుక్కంత కూడా పనిచేయకపోవడం, మీ తమ్ముడు చాట్‌లో "అక్కా స్టాన్స్ స్టాన్స్" అని అరవడం... ఈ చివరిది నేను ఊహించిందే, కానీ ఆ రోజుల్లో వైట్ మేజ్‌గా ఆడిన ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు అలా అరిచే ఉంటారు. ఆ తిప్పలు 2017లోనే తీసేశారు. 2020 ఆగస్టులో మొదటి భాగం కథలోని అనవసరపు తిరుగుళ్లు చాలా కత్తిరించారు. పాత ప్రాంతాల్లో కూడా ఎగిరే వాహనాలకు అనుమతిచ్చారు. 2022 ఏప్రిల్ నుంచి కథలో వచ్చే గుహలు, కోటలు ఒక్కొక్కటిగా కంప్యూటర్ నడిపే తోడు పాత్రలతోనే పూర్తి చేసుకునేలా మార్చారు. అంటే ముగ్గురు అపరిచితుల ముందు మీరు తడబడాల్సిన అవసరం లేదు. నలుగురిలో నవ్వులపాలవుతానేమో అన్న మీ భయానికి ఇది మంచి మందు. ఎక్కువ రోజులు దూరంగా ఉండి వచ్చినవాళ్ల పేరు పక్కన ఒక గుర్తు కనిపిస్తుంది. అది చూసి ఎవరూ వెక్కిరించరు, దారి చెప్పడానికి వస్తారు. కొత్తవాళ్లకూ తిరిగొచ్చినవాళ్లకూ పాతకాపులు సాయం చేసే చాట్ ఒకటి విడిగా ఉంది. 2024లో బొమ్మల నాణ్యత కూడా పెంచారు, వెలుగునీడలు, చర్మం, బట్టల నేత అన్నీ మారాయి. మీ పాత్ర ముఖం మీకే కాస్త కొత్తగా అనిపించవచ్చు.

అన్నీ బాగుపడ్డాయని చెబితే అబద్ధం. చిక్కులు తీసేసే క్రమంలో పాత్రల మధ్య తేడాలు కూడా అరిగిపోయాయని, ఒకప్పటి పదును లేదని పాతవాళ్లు చాలామంది అంటారు. నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా సర్వర్‌కు వెళ్లి రావడంలో ఆలస్యం కూడా మీకు తెలుస్తుంది. న్యూజెర్సీలో ఉన్నప్పుడు, దెబ్బ పడబోయే చోట నేల మీద నారింజ రంగు మచ్చ పడగానే పక్కకు తప్పుకునేవారు. ఇప్పుడు తప్పుకున్నాననుకున్నాక కూడా దెబ్బ తగలొచ్చు. అది మీ వయసు వల్ల అనుకోకండి, దూరం వల్ల.

నేను మొదటిసారి తిరిగి వెళ్లిన రోజు ఇంకా గుర్తుంది. తెర అడుగున మూడు వరుసల బటన్లు, వాటిలో ఒక్కటీ ఏం చేస్తుందో తలకెక్కలేదు. ఆటలోని లిమ్సా లోమిన్సా అనే ఊరి చౌరస్తాలో ఆ పెద్ద నీలి స్ఫటికం తిరుగుతూ ఉంది, చుట్టూ జనం, నేను మాత్రం కదలకుండా అరగంట నిలబడ్డాను. స్నేహితుల జాబితా తెరిస్తే ఇరవై పేర్లు, అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. ఎవరూ లేరు. ఆట మెరుగుపడింది, మనుషులు వెళ్లిపోయారు. మీకు కూడా ఆ జాబితా చూసినప్పుడు కలుక్కుమంటుంది, ముందే చెబుతున్నాను. తేడా ఏమిటంటే మీ జాబితాలో ఒక్క పేరు వెలుగుతూ ఉంటుంది.

మూసేస్తే ఎలా అన్న భయం గురించి. అది ఉత్తుత్తి భయం కాదు. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న ఆపేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆ తర్వాత అది తెరుచుకోలేదు. దాని మీద మొదలైన ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. 2019లో వచ్చిన ఆంథెమ్‌ను సరిచేస్తామని చెప్పి, 2021లో ఆ ప్రయత్నం మానుకుని, 2026 జనవరి 12న సర్వర్లు మూసేశారు. కాంకార్డ్ 2024 ఆగస్టులో వచ్చి రెండు వారాలకే పోయింది, డబ్బు వెనక్కిచ్చారు. ఇంకో రకం కూడా ఉంది. డెస్టినీ 2 మూతపడలేదు, కానీ 2020 నవంబర్‌లో దాని మొదటి కథనే ఆటలోంచి తీసేశారు. ఆ కథకోసం తిరిగి వెళ్లినవాళ్లకు అది దొరకలేదు. మన దగ్గర పిల్లలకు తెలిసిన ఉదాహరణ పబ్‌జీ మొబైల్. 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో తిరిగి వచ్చింది. కాలం గడిస్తే ప్రతి ఆటా బాగుపడుతుందన్న మాట నిజం కాదు. తయారుచేసినవాళ్లు తప్పు ఒప్పుకుని, ఏళ్ల తరబడి కూర్చుని పనిచేస్తేనే బాగుపడుతుంది. అలా చేసినవి కొన్నే.

ఫైనల్ ఫాంటసీ 14 ఇప్పటికిప్పుడు మూతపడే సూచనలేవీ నాకు కనపడటం లేదు. కానీ ఏదో ఒకరోజు అదీ ఆగుతుంది. ఆ ఇంటికి దస్తావేజు లేదు, వాడుకునే అనుమతి మాత్రమే ఉంది. ఒక ఇల్లు పోగొట్టుకుని ఇంకా తేరుకోని మనిషి మీరు. రెండో ఇంటిమీద ఎంత మనసు పెట్టుకోవాలో ఈ విషయం తెలిసే నిర్ణయించుకోండి.

మీ వారి అభ్యంతరంలో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. తొమ్మిదేళ్ల పిల్లాడు మాటలకంటే మనం చేసేదాన్నే చూస్తాడు. కానీ జవాబు దాచిపెట్టి ఆడటంలో లేదు. వారంలో ఒకరోజు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా, మావయ్యతో అమ్మ మాట్లాడుకునే టైమ్ అని ఇంట్లో అందరికీ తెలిసేలా పెట్టుకోండి. గంట అవగానే లేచిపోవడం బాబు చూస్తే, వాడికి అంతకంటే మంచి పాఠం లేదు. ఈ ఆటకు టీన్ రేటింగ్ ఉంది, కాబట్టి పక్కన కూర్చుని కాసేపు చూడనివ్వొచ్చు గానీ, ఇప్పుడే వాడి చేతికి ఇవ్వకండి. ఆన్‌లైన్ ఆటలను ప్రభుత్వం నిషేధించింది కదా అని కూడా మీ వారు అన్నారని రాశారు. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పందెంగా పెట్టి, డబ్బు గెలుచుకునే ఆటలను. చందా కట్టి కాలక్షేపానికి ఆడుకునేవి ఆ నిషేధంలోకి రావు. ఈ తేడా మీ వారికి నిదానంగా చెప్పండి. ఎంతోమంది డబ్బు పోగొట్టుకున్న వార్తలు చూసిన మనిషి, ఆన్‌లైన్ ఆట అనగానే టెన్షన్ పడటం సహజం.

ఇక మీ ముందున్న దారులు.

అసలు ఆట జోలికే వెళ్లకుండా తమ్ముడికి ఫోన్ చేయొచ్చు. "ఇల్లు ఉందన్నావు కదా, ఎలా ఉంది?" అని అడగడం చాలు. ఇది చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ఏడేళ్ల తర్వాత ఫోన్‌లో గొంతు వినగానే తణుకు ఇల్లు వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఇద్దరిలో ఎవరికి మాట తూలినా మళ్లీ ఏడేళ్లు. అయితే ఒకవేళ సాఫీగా సాగితే ఇంతకంటే దగ్గర దారి లేదు.

రెండోది, ఆటే ముందు, మాట తర్వాత. ఈ సంస్థ అప్పుడప్పుడూ పాత ఆటగాళ్లను కొన్ని రోజులు ఉచితంగా లోపలికి రానిస్తుంది, నెలకు పైగా చందా లేకుండా ఉన్న ఖాతాలకు. అలాంటి అవకాశం వచ్చిందేమో చూడండి, లేకపోతే ఒక్క నెల చందా కట్టండి. ముందుగా చేయాల్సిన పని ఒకటుంది: పాత ఖాతా ఇచ్చిన ఈమెయిల్ మీకు ఇంకా తెరుచుకుంటుందా, పాస్‌వర్డ్ మార్పు సందేశం దానికి వస్తుందా చూసుకోండి. అమెరికాలో వాడిన ఫోన్‌లో ఓటీపీ యాప్ పెట్టుకుని ఉంటే, ఆ ఫోన్ ఇప్పుడు లేకపోతే, సంస్థ సహాయ కేంద్రానికి రాయాల్సి వస్తుంది. దానికి కొన్ని రోజులు పట్టినా విసుగు పడకండి. అప్పట్లో ఆటను స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొన్నారా, బయట కొన్నారా అన్నది కూడా గుర్తు చేసుకోండి. ఎక్కడ కొన్నారో కొత్త భాగాలు కూడా అక్కడే కొనాలి. తప్పుచోట కొంటే ఆ ఖాతాకు పనిచేయవు. తిరిగొచ్చేవాళ్లలో చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అసలు కొత్త భాగాలు మీకు ఇప్పుడే అక్కర్లేదు. హెవెన్స్‌వార్డ్‌లో ఆపిన కథ మీకోసం అక్కడే ఉంది.

ఈ దారిలో మంచి ఏమిటంటే, చేతులకు పని ఉన్నప్పుడు మాటలు తేలిగ్గా వస్తాయి. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ మన ఆడవాళ్లు ఎన్ని కష్టాలు చెప్పుకోలేదు? ముందు "ఎడమకి తప్పుకో" అంటాడు, తర్వాత "బాబు ఎన్నో క్లాసు" అంటాడు. ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. ఆట సరదాగా సాగిపోతూ ఉంటే, తణుకు ఇంటి మాట ఎప్పటికీ ఎత్తకుండా ఇద్దరూ నెలలు దాటించేయగలరు. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, ఏదో ఒక పండక్కి మళ్లీ పేలుతుంది.

మూడోది, కొత్త ఖాతాతో ఉచిత ట్రయల్. మొదటి మూడు భాగాలు, 70వ లెవెల్ దాకా, గడువు లేకుండా ఉచితం. రూపాయి ఖర్చుండదు, మీ వారికి కూడా అభ్యంతరం తక్కువ. ఒకసారి డబ్బు కట్టిన మీ పాత ఖాతాకు ఇది వర్తించదు, కాబట్టి కొత్త పాత్రతో మొదటినుంచి మొదలుపెట్టాలి. అందులో తమ్ముడికి మీరై చాట్‌లో విడిగా మెసేజ్ పంపలేరు, జట్టు మీరు కట్టలేరు, అతనే పిలవాలి. ఆట ఎలా ఉందో నెమ్మదిగా చూసుకోవాలంటే ఇది మంచి దారి. కానీ ఆ ఇంట్లో భాగస్వామి మీ పాత పాత్ర. కొత్త పాత్రతో వెళ్తే మీరు ఆ ఇంటికి చుట్టం మాత్రమే.

నాలుగోది, ఏమీ చేయకుండా ఉండటం. "ఇప్పుడు కాదు, కానీ మెసేజ్ చూశాను, సంతోషం" అని ఒక ముక్క రాసి ఆగినా తప్పు లేదు. అసలు జవాబే ఇవ్వకపోవడం మాత్రం వేరు. అతను చెయ్యి చాచి నెలయింది.

నన్ను మరీ బలవంతపెట్టి అడిగితే, మీ ఉత్తరం చదివాక నా మనసు రెండో దారి వైపు మొగ్గుతోంది, ఒక్క షరతు మీద. మొదటి రోజే, ఆట తెరవకముందే, తమ్ముడికి ఇలా రాయండి: "వస్తాను. కానీ తణుకు ఇంటి గురించి నాకు ఇంకా బాధ ఉంది. ఒకరోజు అది మాట్లాడుకోవాలి, ఈరోజే కాకపోయినా." ఇంత రాస్తే చాలు. ఆ మాట మధ్యలో ఉందని ఇద్దరికీ తెలుస్తుంది, ఎవరూ దాన్ని దాచాల్సిన పని ఉండదు.

కథలో అతన్ని అందుకోవాలని పరుగెత్తకండి. అతను పదేళ్లు ముందున్నాడు, ఉండనివ్వండి. డబ్బు కట్టి కథను దాటేసే సౌకర్యం అమ్ముతారు, కొనవద్దని నా సలహా. మీకు మిగిలిన భాగాల్లోనే ఈ ఆట రాసిన అత్యుత్తమ కథ ఉంది. ఇంట్లో కూర్చోవడానికి ఏ లెవెలూ అక్కర్లేదు. ఆటను రోజూ ఆడాలని కూడా ఎవరూ అనరు. కావలసినప్పుడు రండి, అయిపోగానే వేరే పనులు చూసుకోండి అని యోషిదా స్వయంగా ఎన్నోసార్లు చెప్పిన మాట. నెల చందా అయిపోయాక వద్దనిపిస్తే ఆపేయండి, మీ పాత్ర ఎక్కడికీ పోదు.

మీకు శనివారం పొద్దున ఏడున్నర అయితే డాలస్‌లో శుక్రవారం రాత్రి, సీజన్‌ను బట్టి ఎనిమిదో తొమ్మిదో. అతను పని ముగించుకుని ఉంటాడు, మీ బాబు ఇంకా లేవడు. ఆ గంట మీ ఇద్దరికీ కుదురుతుంది. చివరిసారి ఆ ఇంట్లోనే, మీ పాత్రను మంచం మీద పడుకోబెట్టి లాగ్ అవుట్ అయ్యానని రాశారు కదా. ఎక్కడ ఆపితే సాధారణంగా అక్కడే మళ్లీ కళ్లు తెరుస్తాం. కాబట్టి మీరు ఊరంతా దాటుకుంటూ వెళ్లి ఆ తలుపు కొట్టాల్సిన పని ఉండకపోవచ్చు, లోపలే లేస్తారు. తోట ఉంటే అది మాత్రం వాడిపోయి ఉంటుంది, నీళ్లు పోయకపోతే ఆ ఆటలో మొక్కలు నిలవవు. లేచి బయటికి వచ్చాక గుమ్మం పక్కన ఆ కుండీ ఇంకా ఉందో లేదో చూసి, నాకు రాయండి.